జాగిలమూ, పెద్దరికమూ

ఆ మధ్య శనగ కోతల రోజులలో, గ్రామీణ శ్రోతల కార్యక్రమం కోసం కొన్ని సంభాషణలు ధ్వనిముద్రణ చేసుకొనే పనిమీద మేము నంద్యాల జిల్లా దొర్నిపాడుకు పోయినాము. ఊరి వెలుపల ఒక కళ్లం దగ్గర బండి దిగి, యంత్రాన్ని సవరించుకొని నాలుగడుగులు వేసినామో లేదో, గడ్డివామి చాటునుంచి ఒక పెద్ద కుక్క మొరుగుతూ మామీదికి వచ్చినది. మా ఇంజనీరు మిత్రుడు వెనుకకు పరుగు తీసినాడు. మేము చేతిలోని మైక్రోఫోను కోలను కర్రవలె పైకెత్తినాము. కుక్క ఆగలేదు సరికదా, మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకొని, పండ్లు బయటపెట్టి, మరి రెండడుగులు ముందుకు వేసినది.

కళ్లంలో నులకమంచంమీద కూర్చున్న ఒక వృద్ధుడు అప్పుడు లేచినాడు. ఆయన పరుగెత్తలేదు, కేక వేయలేదు, రాతికోసం వంగలేదు. నిదానంగా నడిచి వచ్చి మాకూ కుక్కకూ నడుమ నిలిచి, "ఇట్రా" అన్నాడు. అంతే. కుక్క మొరుగుడు మాని వచ్చి ఆయన కాలి ప్రక్కన కూర్చున్నది. తరువాత ఆయన మావైపు తిరిగి, "కట్టె దించండి సామీ. దాన్ని జూసి అది బెదిరింది. బెదిరిన కుక్కే కరిచేది" అన్నాడు.

మేము సిగ్గుపడి కోల దించినాము. తిరుగు ప్రయాణంలో మమ్మల్ని ఒకటే ప్రశ్న వెంటాడినది. ఆ కుక్క తలచుకొంటే ఆ ముసలివానిని క్షణంలో పడవేయగలదు. ఆయన చేతిలో కర్ర లేదు. గొంతులో కోపం లేదు. మరి దానిని నిలిపినది ఏమిటి? తనకన్న బలమైన జంతువును మనిషి వేల యేండ్లుగా వెంట తిప్పుకొంటున్నాడే, ఏ ఆధారంతో? ఈ విషయమై చరిత్రలో దొరికే సాక్ష్యాలను కొన్నింటిని ఏరి శ్రోతల ముందు ఉంచాలన్నదే ఈ ప్రసంగం ఉద్దేశం. వాటిలో తెలుగుదేశపు సాక్ష్యాలు మేము అనుకొన్నదానికన్న ఎక్కువగానే ఉన్నవి.

మన సామెతలను చూస్తే కుక్కపట్ల తెలుగువారికి దయ తక్కువ అనిపిస్తుంది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నాము. కుక్క తోక వంకర అన్నాము. తిట్టవలసివస్తే మనకు ముందుగా నోటికి వచ్చే జంతువు కుక్కే. కాని తెలుగులో తొలి మహాకావ్యం తెరచి చూడండి. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు ఆంధ్రమహాభారత రచనకు పూనుకొన్నాడు. ఆదిపర్వంలో కథలోనికి అడుగుపెట్టిన కొద్దిసేపటికే మనకు ఎదురయ్యేది, దెబ్బలు తిన్న ఒక కుక్కపిల్ల.

జనమేజయ మహారాజు సత్రయాగం చేస్తున్నాడు. సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకొంటూ అక్కడికి వచ్చినది. రాజు తమ్ములు దానిని కొట్టినారు. అది ఏడ్చుకొంటూ తల్లి సరమ దగ్గరకు పోయినది. సరమ దేవతల కుక్క. పణులు దాచిన ఆవుల జాడ తీసినది ఆమెయే అని ఋగ్వేదం చెప్పుతున్నది. ఆ తల్లి నేరుగా రాజు ఎదుటికి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసినది. తగునా తగదా అని ఆలోచించక, తప్పు లేనివారినీ బలహీనులనూ బాధించేవారికి అనుకోని దిక్కునుంచి భయం వచ్చి పడుతుందని చెప్పి వెళ్లిపోయినది. అంతటి రాజు దగ్గర ఆమెకు చెప్పే జవాబు లేకపోయినది. ఆయన కలతపడి, ఆ దోషం తొలగించగల పురోహితుని వెదుక్కొంటూ ముని ఆశ్రమానికి పోవలసివచ్చినది.

నన్నయ ఇక్కడ కుక్కల పెంపకాన్ని గూర్చి శాస్త్రం చెప్పలేదు, రాజధర్మం చెప్పినాడు. అయినా కుక్కను మచ్చిక చేసే విద్యలో మొదటి పాఠం అందులో ఇమిడి ఉన్నదని మాకు తోచినది. ఎందుకు కొట్టినారో తెలియని దెబ్బ ఊరికే పోదు. అది భయమై కుక్కలో దాగి, కొట్టినవాడు మరచిపోయిన తరువాత, అనుకోని వేళ, అనుకోని మనిషిమీద బయటపడుతుంది. దొర్నిపాడు వృద్ధుడు ఒక్క ముక్కలో చెప్పినదీ ఇదే కదా. ఇంకొక విశేషం. కుక్కపిల్ల ఏడుపుతో ఆరంభమైన ఆ భారత కథ, తిక్కన సోమయాజి తెనిగించిన మహాప్రస్థానిక పర్వం నాటికి, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు మాటదాకా నడిచినది. ఆ చివరా ఈ చివరా కుక్కే కాపలా ఉన్న కావ్యం మనది.

కావ్యంనుంచి నేలమీదికి వద్దాము. దొర్నిపాడునుంచి తూర్పుగా ఆళ్లగడ్డ దాటి పోతే నల్లమల కొండలు, వాటి ఒడిలో అహోబిల క్షేత్రం. నరసింహస్వామి చెంచులక్ష్మిని వరించినాడని చెప్పుకొనే చోటు అది. ఆ కొండలలోని చెంచులకు విల్లు, కుక్క తరతరాల తోడు. 1940 ప్రాంతంలో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు చెంచుల నడుమ నివసించి వారి జీవితాన్ని పరిశీలించి, 1943లో ఒక పెద్ద గ్రంథం వెలువరించినాడు. చెంచు గుడిసెలో కుక్క మనుషుల నడుమ పుట్టి, పిల్లలతో కలసి పెరిగి, వారు తిన్నదే తింటుంది. దానికి వేరే పాఠశాల లేదు. యజమాని అడుగు ఎటు పడితే అటు చూడడమే దాని చదువు. ఈ చదువు విలువ ఎంతటిదో శాస్త్రజ్ఞులు తెలుసుకొనడానికి చాలాకాలం పట్టినది. ఆ మాట ముందు చెప్పుకొందాము.

అడవిలోని వేటకుక్క రాజుల కొలువులోనికి వచ్చేసరికి దాని పేరు మారినది. జాగిలమన్న గంభీరమైన మాట వేటకుక్కకు వాడుకలోనికి వచ్చినది. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటకు బయలుదేరిన ఘట్టంలోను, ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేటలోను వేటకుక్కలు కానవస్తున్నవి. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసంలో రాజు తెలుసుకొనదగిన వినోదాలను వివరిస్తూ, సారమేయ వినోదమని కుక్కలకు ఒక భాగమే కేటాయించినాడు. ఏనుగులను, గుర్రాలను ఎరిగినట్లే కుక్కను కూడ ఎరిగి ఉండడం రాజుకు అవసరమని ఆనాటివారు ఎంచినారు.

ఇంతకన్న ముచ్చటైన సాక్ష్యం కన్నడదేశంలో ఒక రాతిమీద ఉన్నది. 949లో తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు చోళసేనను ఓడించినాడు. ఆయన పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుని దగ్గర మణలేరుడనే వీరుడు ఉండేవాడు. అతని పరాక్రమానికి మెచ్చి ప్రభువు వరం కోరుకొమ్మన్నాడు. ఆ వీరుడు బంగారం అడుగలేదు. కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు! తరువాత బేళతూరు కొండదగ్గర ఆ కుక్కను ఒక పెద్ద అడవిపందిమీదికి వదలినప్పుడు రెండూ పోరాడి రెండూ చచ్చిపోయినవి. మణలేరుడు ఆతకూరు గుడి ముందు కాళి పేర రాయి నిలిపి, దాని పూజకు భూమి ఏర్పాటు చేసినాడు. ఆ భూమి ననుభవించే గుడి గొరవడు రాతికి పూజ చేయక అన్నం తింటే పాపం తగులుతుందని శాసనం వ్రాయించినాడు. కుక్కా పందీ పోరాడుతున్న బొమ్మతో ఆ రాయి నేటికీ బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది.

ఈ శాసనాన్ని రెండు విధాల చదువవచ్చును. వీరుడు కుక్కను ఎంతగా ప్రేమించినాడో అని మెచ్చుకొనవచ్చును. ప్రేమించినవాడు దానిని చావుమీదికి వదలినాడే అని బాధపడవచ్చును. రెండూ నిజమే. అధికారమున్నచోట ప్రేమకూడ ఇట్లాగే రెండు ముఖాలతో ఉంటుంది. బలమైన కుక్క చేతికి అందినప్పుడు, దాని బలాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించే బరువు మనిషిమీద పడుతుంది. మణలేరుడు రాయి నిలిపి ఆ ఋణం కొంత తీర్చుకొన్నాడనుకోవాలి.

ఇక దొర్నిపాడు చుట్టుపట్లకు వస్తే, ఇది పాలెగాళ్ల సీమ. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీవారికి దత్తం చేసినాడు. థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి పాలెగాళ్ల బలాన్ని అణచినాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానామీద పడినది, మరుసటి యేడు ఫిబ్రవరిలో ఆయనను ఆ కోయిలకుంట్లలోనే ఉరితీసినది ఈ దాపులనే. ఆ పాలెగాళ్ల పేరు దక్షిణదేశపు ఒక కుక్కజాతికి కూడ అంటుకొన్నది. 19వ శతాబ్దపు ఆంగ్ల గ్రంథాలలో పొడుగు కాళ్లు, సన్నని నడుము, పొట్టి వెంట్రుకలు గల ఇక్కడి వేటకుక్కను పోలిగార్ కుక్క అని వ్యవహరించినారు. పాలెగాడన్న మాటకే అది ఆంగ్ల రూపాంతరం.

పాలెగాళ్లు పోయినారు. వారి కుక్కల పరంపర మాత్రం తమిళదేశంలో తెలుగువారు నిలిపిన ఒక పట్టణం పేర నేటికీ జీవించి ఉన్నది. అదే విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం. ఆంధ్రదేశంనుంచి వలసపోయిన రాజులు అక్కడ స్థిరపడినారు. వారి ఇండ్లలో తెలుగు మాట ఇంకను వినవస్తుంది. 1949 మొదలు 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన కుమారస్వామి రాజాగారు ఆ ఊరివారే. రాజపాళయం కుక్క తెల్లనిది, దాని ముక్కు గులాబి రంగు, ఎత్తు 65 నుంచి 75 సెంటీమీటర్లు. ఇల్లు కాయడంలోను, అడవిపందిని నిలవేయడంలోను దానికి పేరు. పరాయివారిని దగ్గరకు రానివ్వదు. ఒక మనిషిని నమ్ముకొంటే ఆ మనిషినే నమ్ముకొంటుంది. 2005 జనవరిలో భారత తపాలా శాఖ నాలుగు దేశీయ కుక్కజాతులకు తపాలా బిళ్లలు వెలువరించినప్పుడు వాటిలో దీనికి చోటు దొరికినది.

ఈ జాతిలో ఒక లోపం ఉన్నది. పాలవలె తెల్లగా పుట్టిన పిల్లలలో కొన్నింటికి పుట్టుకతోనే చెవుడు ఉంటుంది. మనిషి ఎంత గట్టిగా అరచినా వాటికి వినబడదు. వాటిని పెంచేవారు చేతి సైగతో, ముఖంలోని భావంతో, నేలమీద తట్టిన అదురుతో నేర్పవలసి ఉంటుంది. ఓపికతో నేర్పితే అవి నేర్చుకొంటవి. కుక్కను నడిపేది కేకలే అయితే చెవిటి కుక్కను ఎవరు నడుపగలరు? ఇదొక్కటి చాలును, మనిషి పెద్దరికం గొంతులో లేదని చెప్పడానికి.

ఇక్కడ రెండు మాటల భేదం స్పష్టం చేసుకొనడం మంచిది. పెత్తనం వేరు, పెద్దరికం వేరు. పెత్తనం చేసేవాడు తన మాట చెల్లుబాటు కావడమే చూసుకొంటాడు. పెద్దరికం వహించినవాడు తన చేతి క్రింది వారి మంచిచెడ్డలకు తానే పూచీపడతాడు. పెత్తనానికి ఎప్పుడూ కర్ర కావాలి. పెద్దరికానికి నిలుకడ కావాలి. పాశ్చాత్యదేశాలలో కుక్కల శిక్షణ చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య ఊగిసలాడినది.

క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనొఫోన్ వేటను గూర్చి గ్రంథం వ్రాస్తూ, కుక్కలకు పొట్టి పేర్లు పెట్టండి, పిలవడానికి సులువు అన్నాడు. అటువంటి పేర్ల పట్టిక కూడ ఇచ్చినాడు. మన దేశపు కుక్కల ఖ్యాతి అప్పటికే గ్రీకులకు తెలుసును. బాబిలోను నేలిన పారసీక అధికారి ఒకడు భారతదేశపు వేటకుక్కల మేపుకై నాలుగు పెద్ద గ్రామాలకు ఇతర పన్నులు మాపుచేసినాడని హెరొడోటస్ వ్రాసినాడు. ఆ ప్రాచీనులు కుక్కను తోడుగానే చూసినారు.

యంత్రయుగంలో ధోరణి మారినది. 1899లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో పోలీసులు గస్తీకి కుక్కలను తీసుకొనడంతో కుక్కల శిక్షణ ఒక ప్రభుత్వ విద్య అయినది. 1910లో జర్మనీలో కాన్రాడ్ మోస్ట్ అనే అధికారి కుక్కల శిక్షణపై ప్రసిద్ధ గ్రంథం వ్రాసినాడు. జంతువు ఎట్లా నేర్చుకొంటుందో ఆయన చక్కగా గ్రహించినాడు. కాని బలవంతం, ముండ్ల పట్టీ, కొరడా ఆయన పద్ధతిలో పెద్ద భాగాన్ని ఆక్రమించినవి. 1947లో షెంకెల్ అనే శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో దొడ్డిలో పెట్టిన తోడేళ్లను చూసి, అవి అధికారంకోసం నిత్యం పోట్లాడుకొంటవని వ్రాసినాడు. కుక్క తోడేలు సంతతి కదా. కనుక కుక్కముందు మనిషి తాను గుంపు నాయకుడనని బలంతో నిరూపించుకోవాలి అనే సిద్ధాంతం దానినుంచి పుట్టి లోకమంతటా వ్యాపించినది. కుక్కను వెల్లకిల పడవేసి అదిమి పట్టడం, మెడ పట్టి ఊపడం విద్యగా చెలామణి అయినవి.

ఆ సిద్ధాంతాన్ని ప్రచారం చేసినవారిలో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్ ఒకరు. 1970లో ఆయన వ్రాసిన తోడేళ్ల గ్రంథం ఎందరికో ప్రమాణమైనది. తరువాత ఆయన ఉత్తరధ్రువానికి చేరువనున్న ఎల్స్‌మియర్ ద్వీపంలో 1986 మొదలుకొని అనేక వేసవులు స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను దగ్గరనుండి చూసినాడు. అక్కడ ఆయనకు కనిపించినది వేరు. అడవిలోని తోడేళ్ల గుంపు ఒక కుటుంబం. ముందు నడిచేవి తల్లి, తండ్రి. వెనుక నడిచేవి వాటి పిల్లలు. అక్కడ గెలిచినవారు, ఓడినవారు లేరు. పెంచినవారు, పెరిగినవారు ఉన్నారు. పరస్పరం బంధుత్వంలేని తోడేళ్లను ఒకే దొడ్డిలో మూసిపెడితే అవి కొట్లాడుకొన్నవి; దానినే వాటి స్వభావమనుకొన్నారు. 1999లో మెక్ ఈ సంగతి విస్తరించి ప్రకటించినాడు. తన పాత గ్రంథం ఇక అచ్చువేయవద్దని ప్రకాశకులను పట్టుబట్టినాడు. ఎట్టకేలకు 2022లో దాని ముద్రణ నిలిచినది. తన మాటను తానే దిద్దుకొనడానికి అంత ఓపిక పట్టిన పండితులు అరుదు.

అంటే, శాస్త్రం తిరిగి తిరిగి ఇంటి పెద్ద దగ్గరకే వచ్చి ఆగినది. తోడేలు వంటి జంతువుకే పెద్దరికమంటే తల్లిదండ్రుల నడవడి అయినప్పుడు, వేల యేండ్లుగా మన పెరట్లో ఉన్న కుక్క మనిషినుంచి కోరేది మరొకటి ఎట్లా అవుతుంది?

దీనికి తోడు ఇంకొక పరిశోధన. అమెరికాలోని బార్ హార్బర్‌లో కొందరు శాస్త్రజ్ఞులు కుక్కపిల్లలను మనుషుల పొడ తగలకుండా పెంచి చూసినారు. 14 వారాల వయస్సు దాకా మనిషిని చూడని పిల్లలు తరువాత ఎంత ప్రయత్నించినా చేరువ కాక, అడవి జంతువులవలె బెదిరిపోయినవని 1961లో ప్రకటించినారు. 1965లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు వెలువరించిన గ్రంథం ఈ విషయాన్ని స్థిరపరచినది. మూడవ వారం మొదలు పండ్రెండు, పదునాలుగు వారాలవరకు కుక్కపిల్ల ఎవరిని చూస్తుందో, ఏ చేతులు దానిని తాకుతవో, ఏ చప్పుళ్లు దానికి అలవాటవుతవో, అవే దానికి తనవి. ఇందాక చెంచు గుడిసె చదువు అన్నది ఇదే. మన పల్లెలలో పిల్లల నడుమ, ఎద్దుల నడుమ, బండ్ల చప్పుడులో పెరిగిన కుక్కకు ఈ చదువు ఖర్చులేకుండా దొరికినది. పట్టణంలో వేలు పోసి పెద్దజాతి కుక్కను కొని నాలుగు గోడలనడుమ గొలుసుతో కట్టినవాడు అదే చదువును దానికి లేకుండా చేస్తున్నాడు. అమెరికాలోని డెన్వర్ నగరంలో జరిగి, 1994లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, మనుషులను కరిచిన కుక్కలలో పెరటిలో గొలుసున కట్టి ఉంచినవి కరవనివాటిలోకన్న ఎక్కువగా తేలినవి. కాపలాకని వేసిన గొలుసు కాపలాను చెరపినదన్నమాట.

మన దేశంలో సైన్యపు కుక్కల శిక్షణ పాఠశాల 1960లో మీరట్‌లో వెలసినది. 2016లో కర్ణాటకనుంచి ముధోల్ జాతి పిల్లలను అక్కడికి పంపి, దేశీయ జాతికి సైనిక శిక్షణ ఇచ్చినారు. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి ఆకాశవాణి ద్వారా ప్రసారమైన మన్ కీ బాత్‌లో ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై జాతుల పేర్లు చెప్పి, కుక్కను పెంచదలచినవారు దేశీయ జాతిని పెంచుకొనవలసినదిగా కోరినారు. తెలంగాణలో మొయినాబాదులోని శిక్షణ సంస్థలో పోలీసు జాగిలాలు తయారవుతున్నవి. రాజుల వేటకు పుట్టిన జాగిలమన్న మాట మన పత్రికలలో పోలీసు జాగిలమై బ్రతికి ఉన్నది.

ఇటువంటి శిక్షణలో జరిగే పని వినడానికి చాలా సాదాగా ఉంటుంది. కుక్కకు ఒక మనిషిని జతచేస్తారు. మొదట ఆ మనిషి దానికి ఆజ్ఞలు ఇవ్వడు. అన్నం పెడతాడు, ఒళ్లు దువ్వుతాడు, వెంట నడిపిస్తాడు. అది తనను నమ్మినదని తెలిసిన తరువాతనే కూర్చో, నిలు, రా అనే మాటలు. మాట పొట్టిగా ఉండాలి. ఎప్పుడూ అదే మాట కావాలి. మాట విన్న మరుక్షణం మెప్పు అందాలి. వాసన పసిగట్టే కుక్కకు ఆ వాసన దొరికినప్పుడల్లా తన ఇష్టమైన బంతి దొరుకుతుంది. బాంబుకోసం వెదుకుతున్నానని దానికి తెలియదు. తన ఆట తాను ఆడుతున్నానని అనుకొంటుంది. భయపడుతూ వెదికే కుక్క ముక్కు సరిగా పనిచేయదు. ఎందరి ప్రాణాలో ఆ ముక్కుమీద ఆధారపడి ఉంటవి కనుక, ఇక్కడ దయ చూపడం పని కుదరడానికి కూడ అవసరమే.

ఇటీవలి కాలంలో పట్టణాలలో బలమైన విదేశీ జాతుల కుక్కలు మనుషులమీద పడిన వార్తలు తరచుగా వింటున్నాము. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వీలర్ మొదలైన 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం నిలిపివేయవలసినదిగా రాష్ట్రాలకు వ్రాసినది. సంబంధించినవారిని సంప్రదించకుండా వెలువడినదన్న కారణంతో ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. జాతిని నిషేధించాలా వద్దా అన్న వివాదంలోనికి మేము పోము. కుక్క కాటు పడినవారి బాధ చిన్నది కాదు; ముఖ్యంగా పసిపిల్లలది. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెనని మరొకసారి గుర్తుచేస్తున్నాము. ఎంత మంచి కుక్కనైనా పసిబిడ్డ దగ్గర ఒంటరిగా విడువరాదు. మేము చెప్పదలచినది మాత్రం ఒకటే. గొలుసు ఒక కొస కుక్క మెడలో ఉంటే, రెండవ కొస మనిషి చేతిలో ఉన్నది. చట్టం జాతి పేరు చూడగలదు. ఆ చేతిని చూడవలసినది ఇంటిలోనివారే, ఇరుగుపొరుగువారే.

మళ్లీ దొర్నిపాడుకు వస్తాము. ఆనాడు సంభాషణ ముగిసిన తరువాత ఆ వృద్ధుడు మాకు మజ్జిగ ఇప్పించినాడు. గ్లాసు అందుకొనేటప్పుడు ఆయన ముంజేతిమీద పాత గాయపు మచ్చ ఒకటి కనిపించినది. అడిగినాము. "చిన్నప్పుడు మా ఇంట్లోని కుక్కే పట్టింది సామీ" అన్నాడు. వాళ్ల నాయన ఆ కుక్కను గుంజకు కట్టి, కోపం వచ్చినప్పుడల్లా కొట్టేవాడట. ఒకనాడు ఈయన అన్నం పెట్టడానికి చెయ్యి చాపితే, అది దెబ్బకు చాపిన చెయ్యి అనుకొన్నది. ఆ సాయంకాలం వాళ్లు ఆ కుక్కను చంపివేసినారు. "తప్పు నాయనది. చచ్చింది కుక్క. మచ్చ నాకు మిగిలింది" అని ఊరుకొన్నాడు ఆయన.

సరమ జనమేజయునితో చెప్పిన మాటకు ఇంతకన్న వ్యాఖ్యానం మాకు ఎక్కడా దొరకలేదు. ఒకరు కొట్టినారు; భయం మరొకరి మీద వచ్చి పడినది. ఆ మచ్చనుంచి ఆయన కుక్కల మీద పగ నేర్చుకొనలేదు. చెయ్యి ఎట్లా చాపాలో నేర్చుకొన్నాడు. ఆయన మనుమడు, ఆరేడేండ్లవాడు, మేము మాట్లాడుతున్నంతసేపూ తాత మంచం దగ్గర ఆ కుక్క ప్రక్కనే కూర్చుని శనగకాయలు ఒలుచుకొని తింటున్నాడు.

కేంద్రానికి తిరిగి వచ్చి ఆనాటి ధ్వనిముద్రణ విన్నాము. యంత్రం అప్పటికే నడుస్తూ ఉండడంచేత ఆ సంఘటన అంతా అందులో పడినది. కుక్క మొరుగుడుకు ముల్లు ఎర్రగీత దాటి కొట్టుకొంటున్నది. దానిలో మా కేక కూడ ఉన్నది. మా కేకతో మొరుగుడు హెచ్చినది. తరువాత వృద్ధుని మాట. ముల్లు కదిలీ కదలనంత మెల్లగా, రెండే అక్షరాలు. ఆ తరువాత నిశ్శబ్దం, దూరాన ఎక్కడో ఎద్దు మెడలోని గంట. ప్రసారానికి పనికిరాదని ఆ భాగాన్ని కత్తిరించవలసి ఉండెను. మేము కత్తిరించలేదు. విడిగా దాచి ఉంచినాము.